చిన్న కారు – పైన క్యారియర్



క్యారియర్ అనగానే మనలో చాలామందికి ముందుగా గుర్తుకొచ్చేది అన్నం, కూర, పెరుగు గిన్నెలు ఒకదాని మీద ఒకటి పేర్చిన టిఫిన్ క్యారియర్. ఈనాటి ప్రసంగం దాన్ని గురించి కాదు. కారు పైకప్పు మీద సామాను పెట్టుకోవడానికి బిగించే చట్రాన్ని కూడా మనం క్యారియర్ అనే అంటాం. చిన్న కారుకు అటువంటి క్యారియర్ అవసరమా? అవసరమైతే ఎలాంటిది ఎంచుకోవాలి? దాని మీద ఎంత బరువు పెట్టవచ్చు, ఎలా కట్టాలి, కట్టిన తర్వాత బండి ఎలా నడపాలి? ఈ విషయాలు మీకు మనవి చేస్తాను.

సరిహద్దు జిల్లాల్లో ఉండే మన తెలుగువాళ్లకు ఈ విషయం మరికాస్త దగ్గరిది. ఉండేది ఒక రాష్ట్రంలో, పుట్టిల్లో అత్తవారిల్లో ఇంకో రాష్ట్రంలో. హోసూరు నుంచి చిత్తూరుకు, బళ్లారి నుంచి గుంతకల్లుకు, బరంపురం నుంచి ఇచ్ఛాపురం మీదుగా శ్రీకాకుళానికి, రాయగడ నుంచి పార్వతీపురానికి, సిరొంచ నుంచి గోదావరి దాటి కాళేశ్వరానికి, యానాం నుంచి కాకినాడకు, ఇలా పండుగకీ పెళ్లికీ ప్రయాణాలు సాగుతూనే ఉంటాయి. వెళ్లేటప్పుడు బట్టల పెట్టెలే ఉంటాయి. వచ్చేటప్పుడు మాత్రం బియ్యం మూట, ఆవకాయ జాడీ, అరిసెల డబ్బా, పెరట్లో కాసిన గుమ్మడికాయ కూడా బయలుదేరతాయి. వద్దంటే అమ్మ ఒప్పుకోదు. కారు డిక్కీ చూస్తే రెండు సూట్‌కేసులతో నిండిపోతుంది. సిఎన్‌జి కారైతే ఆ డిక్కీలో సగానికి పైగా సిలిండరే ఆక్రమిస్తుంది. అప్పుడే అందరి చూపూ కారు పైకప్పు మీదికి వెళుతుంది.

పైకప్పు ఖాళీగా ఉంది కదా అని అక్కడ ఎంతైనా పెట్టవచ్చు అనుకోవడం పొరపాటు. పాత రోజుల్లో అంబాసిడర్, ఫియట్ కార్ల మీద పెళ్లివారి సామానంతా కట్టుకుని వెళ్లడం పెద్దవాళ్లు చూసే ఉంటారు. ఆ కార్లకు పైకప్పు అంచున రెండు వైపులా వాననీరు జారడానికి గట్టి ఇనుప గాడి ఉండేది. క్యారియర్ కాళ్లు ఆ గాడిలో కూర్చునేవి. మారుతీ ఆమ్నీ వ్యానుకు కూడా అటువంటి గాడే ఉండేది. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది, ఆమ్నీ తయారీ 2019లో ఆగిపోయింది. ఇప్పుడు వచ్చే చిన్న కార్లకు ఆ గాడి కనిపించదు. పైకప్పు నున్నగా ఉంటుంది. రేకు పలచన. చేత్తో గట్టిగా నొక్కితే లోపలికి సొట్టపోయే రేకు మీద బస్తా పెడితే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు. కాబట్టి అంబాసిడర్ నాటి లెక్కలు ఈనాటి కార్లకు పనికిరావు.

మొదట బరువు సంగతి చూద్దాం. కారు కొన్నప్పుడు ఒక చిన్న పుస్తకం ఇస్తారు. చాలామంది దాన్ని ప్లాస్టిక్ కవరులోంచి బయటికి కూడా తియ్యరు. పైకప్పు మీద ఎంత బరువు పెట్టవచ్చో అందులో రాసి ఉంటుంది. చాలా చిన్న కార్లకు ఆ సంఖ్య 50 కిలోలు దాటదు. కొన్నింటికి అంతకంటే తక్కువ. కొన్నింటికి క్యారియరే బిగించవద్దని కూడా రాసి ఉంటుంది. అలా రాసి ఉంటే ఇక ఆలోచించవలసిన పని లేదు, క్యారియర్ ఊసు మానుకోవాలి.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. ఆ 50 కిలోలలో క్యారియర్ సొంత బరువు కూడా కలిసే ఉంటుంది. చుట్టూ కమ్మీలున్న ఇనుప బుట్టలాంటి క్యారియర్ 12 కిలోలు తూగిందనుకోండి. మిగిలింది 38 కిలోలే. పాతిక కిలోల బియ్యం బస్తా ఒకటి పెడితే ఇక 13 కిలోలకే చోటు. క్యారియర్ అమ్మే అతను, మా సరుకు 75 కిలోలు మోస్తుందండీ అని చెప్పవచ్చు. అతను చెప్పేది క్యారియర్ బలం. కారు పైకప్పు బలం వేరు. రెండింటిలో ఏది తక్కువో దాన్నే లెక్కలోకి తీసుకోవాలి.

మూడో లెక్క ఇంకొకటి ఉంది. అది మొత్తం కారు మోయగల బరువు. చిన్న కారు ఒకటి, మనుషులు సామాను అంతా కలిపి 400 కిలోలు మోయగలదని అనుకుందాం. ఒక్కొక్కరు 65 కిలోల చొప్పున అయిదుగురు పెద్దవాళ్లు కూర్చుంటే 325 కిలోలు అయ్యాయి. మిగిలినవి 75. డిక్కీలో 40 కిలోల సామాను పెట్టారు. ఇక మిగిలినవి 35. అందులో క్యారియర్ బరువు 12 తీసేస్తే పైన పెట్టుకోవడానికి మిగిలింది 23 కిలోలు. అంటే పాతిక కిలోల బియ్యం బస్తా కూడా పెట్టడానికి లేదు! పైకప్పు 50 కిలోలు మోస్తుందని పుస్తకంలో ఉన్నా, అయిదుగురితో నిండిన బండికి ఆ 50 పనికిరాదన్నమాట. బయలుదేరే ముందు రోజు ఒక కాగితం మీద ఈ కూడికలు, తీసివేతలు వేసుకోండి. అయిదు నిమిషాల పని.

బరువు కాస్త ఎక్కువైతే ఏమవుతుందిలే అనిపించవచ్చు. ఆ బరువు కారు అడుగున ఉంటే ఒక రకం, నెత్తిన ఉంటే మరొక రకం. తల మీద బిందె పెట్టుకున్న మనిషి నిదానంగా నడవగలడు కానీ, గబుక్కున పక్కకు తిరగలేడు. కారు కూడా అంతే. పైన బరువు ఉంటే మలుపుల్లో బండి బయటి వైపుకు ఎక్కువ వాలుతుంది. ఏ గేదో అడ్డం వచ్చి స్టీరింగు ఒక్కసారి తిప్పవలసి వస్తే బండి పట్టు తప్పే ప్రమాదం పెరుగుతుంది. సాలూరు దాటి సుంకి మీదుగా కొరాపుట్‌కు ఎక్కే ఘాట్ రోడ్డు తెలిసిన వాళ్లకు ఈ మాట బాగా అర్థమవుతుంది.

బ్రేకు సంగతి కూడా చూడండి. పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేస్తే పైనున్న సామాను తన బరువులో దాదాపు 70 శాతం బలంతో ముందుకు తోసుకొస్తుంది. 40 కిలోల మూటైతే 28 కిలోల తోపు. ఆ తోపును ఆపవలసినవి మీరు కట్టిన తాళ్లు, క్యారియర్ నాలుగు కాళ్లు. తాడు తెగితే మూట బానెట్ మీద పడుతుంది, లేదా పక్కనే వస్తున్న మోటారు సైకిల్ మీద పడుతుంది. మనం కారు లోపల బెల్టు పెట్టుకుని కూర్చుంటాం. దెబ్బ తగిలేది పాపం దారిన పోయేవాడికి. క్యారియర్ గురించి ఇంతగా చెప్పుకోవడానికి అసలు కారణం అదే.

సరే, లెక్కలన్నీ చూసుకున్నాక క్యారియర్ కావాలనే అనుకున్నారు. ఎలాంటిది కొనాలి?

మార్కెట్‌లో ముఖ్యంగా నాలుగు రకాలు కనిపిస్తాయి. మొదటిది, కారు తలుపు తీస్తే కనిపించే పైఅంచుకు కొక్కేలతో పట్టి బిగించేది. గాడి లేని చిన్న కార్లకు ఎక్కువగా ఇదే సరిపోతుంది. రెండోది, కారు పైన ముందు నుంచి వెనక్కి పొడుగ్గా ఉండే రైళ్లకు అడ్డంగా రెండు బార్లు బిగించేది. ఇక్కడ ఒక హెచ్చరిక. కొన్ని చిన్న కార్ల మీద కనిపించే రైళ్లు అలంకారానికి పెట్టినవే. వాటిని మరలతో కాకుండా జిగురుతో, ప్లాస్టిక్ క్లిప్పులతో అతికిస్తారు. అవి బరువు మోసేవా, చూపుకేనా అన్నది కారు పుస్తకంలో చూసుకోవాలి, లేదా కంపెనీ షోరూములో అడిగి తెలుసుకోవాలి. మూడో రకం, గుడ్డతో చేసిన గాలి దిండ్లు. వాటిని పైకప్పు మీద పరిచి, పట్టీలు కారు లోపలి నుంచి తిప్పి కడతారు. అప్పుడప్పుడు తేలికపాటి సామానుకు పరవాలేదు కానీ, వానలో ఆ పట్టీల వెంబడే నీళ్లు లోపలికి కారి సీట్లు తడుస్తాయి. నాలుగోది, మూతా తాళమూ ఉన్న ప్లాస్టిక్ పెట్టె. సామాను తడవదు, తాళ్ల బెడద లేదు. అయితే ఖరీదు ఎక్కువ, సొంత బరువు ఎక్కువ. దాని కింద బార్లు ఎలాగూ కావాలి. చిన్న కారుకు ఆ పెట్టె బరువే సగం లెక్కను తినేస్తుంది.

ఇవి కాక, పైకప్పుకు రంధ్రాలు చేసి బోల్టులు బిగిస్తామనే మెకానిక్కులు కూడా ఉంటారు. ఆ పని ఒప్పుకోకండి. రంధ్రం చేసిన చోట రంగు పోయి తుప్పు మొదలవుతుంది, వాననీరు లోపలి గుడ్డలోకి దిగుతుంది. కొత్త కార్లలో పైకప్పు పక్క అంచుల వెంట గాలి సంచులు కూడా మడిచిపెట్టి ఉండవచ్చు. డ్రిల్లు వాటికి తగిలితే ప్రాణాల మీదికి వస్తుంది.

కొనేటప్పుడు కారు పేరు ఒక్కటే చెబితే చాలదు. ఏ సంవత్సరం మోడలో కూడా చెప్పాలి. ఒకే పేరుతో వచ్చే కారు నాలుగైదేళ్లకోసారి ఆకారం మారుతుంది. పాత మోడల్ క్యారియర్ కొత్త మోడల్‌కు చూడటానికి సరిపోయినట్లే ఉండి, కొక్కెం సగమే పట్టుకుంటుంది. కాళ్ల కింద మందపాటి రబ్బరు ఉందా, బార్ల చివర మూతలు ఉన్నాయా చూడండి. మూతలు లేకపోతే గొట్టంలోకి నీళ్లు చేరి లోపలి నుంచి తుప్పు తింటుంది. పైకి మాత్రం రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. సెకండ్ హ్యాండ్ క్యారియర్ కొంటుంటే వెల్డింగ్ చేసిన ప్రతి అతుకునూ వేలితో తడిమి చూడండి. పగులు కనిపిస్తే ఎంత చవకగా ఇచ్చినా వద్దు. చుట్టూ కమ్మీలున్న బుట్ట కన్నా రెండు అడ్డ బార్లే తేలిక. పెట్టెలు, సంచులు మాత్రమే పెట్టుకునే వాళ్లకు బుట్ట అనుకూలం. మంచం పట్టీలు, నిచ్చెన, సైకిలు వంటి పొడుగు సామాను వేసుకునే వాళ్లకు బార్లు చాలు.

బిగించేటప్పుడు తొందరపడకండి. ముందు పైకప్పు శుభ్రంగా కడిగి ఆరనివ్వాలి. రబ్బరు కింద ఇసుక రేణువులు ఉండిపోతే, బండి కదిలినప్పుడల్లా అవి గరుకు కాగితంలా రంగును గీకేస్తాయి. నాలుగు కాళ్లూ వాటి స్థానంలో పెట్టాక, ఒక్కో మూలను కొంచెం కొంచెంగా, మార్చి మార్చి బిగించాలి. ఒక మూలను పూర్తిగా బిగించి రెండో మూలకు వెళితే చట్రం మెలిపడుతుంది. బిగించాక నాలుగు తలుపులూ తీసి వేసి చూడండి. తలుపు పట్టేస్తున్నా, మూయడానికి ఎక్కువ బలం కావలసి వచ్చినా కొక్కెం సరిగ్గా కూర్చోలేదని అర్థం. ఒక బకెట్ నీళ్లు పైన పోసి లోపలికి కారుతున్నాయేమో చూసుకోవడం కూడా మంచిదే. వెనక తలుపు పైకి లేచే కారైతే, ఆ తలుపు క్యారియర్‌కు తగలకుండా లేస్తుందో లేదో చూడండి. పైకప్పు మీద రేడియో ఏరియల్ ఉంటే మర తిప్పి తీసి లోపల పెట్టుకోండి.

ఇక సామాను సర్దడం. బరువైన సామాను కింద, తేలికైన సామాను పైన. ఇది మొదటి సూత్రం. బియ్యం మూట, ఆవకాయ జాడీ, పుస్తకాల పెట్టె, మిక్సీ ఇవన్నీ డిక్కీలో, వీలైనంత ముందుకు, సీటుకు ఆనించి పెట్టాలి. దుప్పట్లు, బట్టల సంచులు, ఖాళీ గిన్నెలు, ప్లాస్టిక్ కుర్చీలు పైకి వెళ్లాలి. మనవాళ్లు సాధారణంగా దీనికి తలకిందులుగా చేస్తారు. బట్టల సూట్‌కేసులు డిక్కీలో నీటుగా సర్ది, మురికి అంటుతుందని బియ్యం మూటను పైకి ఎక్కిస్తారు. మూటను ఒక పాత దుప్పట్లో చుట్టి డిక్కీలోనే పెట్టండి. సూట్‌కేసే పైకి వెళ్లాలి.

పైన పెట్టిన వాటిలో కూడా బరువైనది నడుమన, రెండు బార్ల మీదా సమంగా ఆనేలా ఉండాలి. ఒక పక్కకు వాలకూడదు. ఏ సామానూ రేకును నేరుగా తాకకూడదు, బార్ల మీదే కూర్చోవాలి. వంట గ్యాసు సిలిండరు, పెట్రోలు డబ్బా, కిరోసిన్, టపాకాయలు పైన పెట్టకండి, లోపలా పెట్టకండి. మధ్యాహ్నం ఎండకు కారు పైకప్పు మీద చెయ్యి ఆనించలేనంత వేడి ఉంటుందని మీకు తెలుసు.

తాడు విషయానికి వద్దాం. ఇంట్లో బట్టలు ఆరేసే నైలాన్ తాడు దీనికి పనికిరాదు. అది సాగుతుంది, ముడి జారుతుంది. కొబ్బరి పీచు తాడు ముడి బాగా పడుతుంది కానీ, అంచుల దగ్గర రాసుకుని పోగులు పోగులుగా విడిపోతుంది. రెండు చివరలా కొక్కేలున్న రబ్బరు తాళ్లు దుప్పటి ఎగరకుండా పట్టడానికి మాత్రమే పనికొస్తాయి, బరువును ఆపలేవు. అన్నిటికన్నా మంచిది బకిలు ఉన్న చదునైన నేత పట్టీ. అవి హార్డ్‌వేరు షాపుల్లో దొరుకుతాయి. పట్టీని లాగితే బిగుస్తుంది, బకిలు నొక్కితేనే వదులవుతుంది. ప్రతి వస్తువుకూ అడ్డంగా రెండు పట్టీలు, ముందుకు జరగకుండా పొడుగునా ఒకటి ఉండాలి. పట్టీ ఎప్పుడూ క్యారియర్ బార్లకే కట్టాలి. కిటికీల్లోంచి తిప్పి తలుపులకు కట్టకండి. అలా కడితే అత్యవసరంగా దిగవలసి వచ్చినప్పుడు తలుపు తెరుచుకోదు. పట్టీ గాలికి బుయ్యిమని శబ్దం చేస్తుంటే దాన్ని ఒకటి రెండు మెలికలు తిప్పి కట్టండి, శబ్దం ఆగిపోతుంది.

తాడే వాడవలసి వస్తే లారీ క్లీనర్లు వేసే బిగింపు ముడి నేర్చుకోండి. తాడును ఒక చివర బారుకు కట్టి, సామాను మీదుగా తెచ్చి, మధ్యలో ఒక ఉచ్చు వేస్తారు. మిగిలిన కొసను అవతలి బారు కింద నుంచి తిప్పి, ఆ ఉచ్చులోంచి దూర్చి కిందికి లాగుతారు. కప్పీ వేసి లాగినట్లుగా తాడు బిగుస్తుంది. వేళ్లతో ఆ బిగువును పట్టుకుని కొసను ముడి వేస్తారు. ఊళ్లో లారీ ఆగిన చోట అడిగితే సంతోషంగా చూపిస్తారు. కట్టడం అయ్యాక సామానును రెండు చేతులా పట్టుకుని ఊపి చూడండి. సామాను కదలకూడదు, దానితో పాటు మొత్తం కారు ఊగాలి. అప్పుడు కట్టు సరిగ్గా ఉన్నట్లు.

బరువైన సామానుకే ప్రమాదం అనుకోకండి. పైన పెట్టే వాటిలో అన్నిటికన్నా మొండిది పరుపు. హాస్టలులో చేరే పిల్లల కోసం పరుపు కట్టుకుని వెళ్లేవాళ్లు రోడ్డు మీద కనిపిస్తూనే ఉంటారు. ఎనిమిది కిలోలు కూడా ఉండని పరుపు, ఒక తాడు చాల్లే అనుకుంటారు. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు ఉన్న పరుపు ముందు అంచు పైకి లేచి గాలికి ఎదురు నిలిచిందనుకోండి. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో దాని మీద గాలి తోపు దాదాపు 50 కిలోలు ఉంటుంది. 40 కిలోమీటర్ల వేగంలో అది పన్నెండు కిలోల చిల్లరే. వేగం రెండింతలైతే గాలి తోపు నాలుగింతలు అవుతుంది. అందుకే ఊళ్లో కదలని పరుపు హైవే ఎక్కగానే ఎగిరిపోతుంది. పరుపును చుట్ట చుట్టి, మూడు చోట్ల కట్టి, ఆ చుట్టను కారు పొడవునా పెట్టండి. విప్పి పరచకండి. కారు నడిపే వాళ్లు, పక్కన కూర్చున్న వాళ్లు కిటికీలోంచి చెయ్యి పెట్టి పరుపును పట్టుకుని వెళ్లడం మరీ అపాయం. ఆ తోపును మనిషి చెయ్యి ఆపలేదు.

వానాకాలమైతే టార్పాలిన్ కప్పాలి. టార్పాలిన్ ముందు అంచును సామాను కిందికి మడిచి బిగించాలి. మడత నోరు ఎప్పుడూ వెనక వైపుకే ఉండాలి. ముందు వైపు నోరు తెరిచి ఉంటే గాలి దూరి అది గుడారంలా ఉబ్బుతుంది, కాసేపటికి చిరుగుతుంది. చిరిగిన ముక్క ఎగిరి వెనక వచ్చేవాడి అద్దానికి అతుక్కుంటే అతనికి దారి కనిపించదు.

సామాను కట్టడం అయింది. బయలుదేరే ముందు టైర్లలో గాలి చూసుకోవాలి. డ్రైవరు తలుపు దగ్గర అంటించిన చీటీలో మామూలు బరువుకు ఒక సంఖ్య, నిండు బరువుకు మరొక సంఖ్య ఉంటాయి. నిండు బరువు సంఖ్య ప్రకారం, టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి పట్టించాలి. వెనక బరువు ఎక్కువైతే హెడ్‌లైట్లు పైకి చూస్తాయి, ఎదుటివాడి కళ్లలో పడతాయి. లైట్లను కిందికి దించే చక్రం చాలా కార్లలో స్టీరింగు పక్కనే ఉంటుంది. దాన్ని వాడండి.

మొదటి పది కిలోమీటర్లు వెళ్లాక ఒకసారి ఆగి పట్టీలు చూసుకోవాలి. సామాను సర్దుకుని, కట్లు వదులయ్యేది అప్పుడే. ఆ తర్వాత టీకి ఆగిన ప్రతిచోటా ఒకసారి చెయ్యి వేసి చూడండి. వేగం 80 దాటనివ్వకండి, ఘాట్ రోడ్డులో, ఎదురు గాలిలో ఇంకా తగ్గించండి. ముందు బండికి మామూలుగా వదిలే దూరం కన్నా రెండింతలు వదలండి. స్పీడు బ్రేకరు దగ్గర పూర్తిగా నెమ్మదించండి. సామానుతో కలిపి కారు ఎత్తు ఎంతైందో టేపుతో కొలిచి, చిన్న కాగితం మీద రాసి డ్రైవరుకు ఎదురుగా అంటించండి. రైలు కట్ట కింద వంతెన వచ్చినప్పుడు, లాడ్జి సెల్లారులోకి దిగేటప్పుడు ఆ కాగితం పనికొస్తుంది.

తిరుమల వెళ్లే వాళ్లకు ఒక మాట. అలిపిరి దగ్గర వాహనాలను, సామానును తనిఖీ చేస్తారు. పైన కట్టిన మూటలన్నీ అక్కడ విప్పి దించి, మళ్లీ ఎక్కించి కట్టవలసి వస్తుంది. వెనక బళ్లు వరుసగా నిలబడి ఉండగా హడావిడిగా కట్టిన కట్టుతో ఘాట్ ఎక్కడం మంచిది కాదు. కొండకు కావలసినవి మాత్రం లోపల పెట్టుకుని, మిగతా సామాను కింద తిరుపతిలో దింపుకుని వెళ్లడం మేలు.

చట్టం సంగతి కూడా తెలుసుకుందాం. మన బండి నంబరు ఒక రాష్ట్రానిది, వెళ్లే ఊరు మరొక రాష్ట్రానిది కాబట్టి ఇది మనకు మరీ అవసరం. మోటారు వాహనాల చట్టం 1988 నాటిది. 2019లో దాన్ని సవరించినప్పుడు 194వ సెక్షన్‌లో ఒక కొత్త నిబంధన చేర్చారు. బండి పక్కలకు గానీ, ముందుకు గానీ, వెనక్కి గానీ, అనుమతించిన హద్దును మించి ఎత్తుకు గానీ సామాను పొడుచుకు వస్తే 20,000 రూపాయల జరిమానా. దాంతో పాటు ఆ సామాను దించడానికి అయ్యే ఖర్చు కూడా మనదే. అదే చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలో ఉన్న వివరాలు తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చే విధంగా బండిని మార్చకూడదు. అందుకని శాశ్వతంగా ఉండిపోయేలా క్యారియర్ బిగించుకోవాలనుకునే వాళ్లు తమ బండి రిజిస్టరైన ఆర్.టి.ఓ. ఆఫీసులోనూ, బీమా కంపెనీలోనూ ముందుగా అడిగి తెలుసుకోవడం మంచిది. ప్రయాణానికి బిగించి, తిరిగి రాగానే తీసేసే రకమైతే చాలా చిక్కులు తప్పుతాయి. ఇక కారు పైన మనుషులు కూర్చోవడాన్ని 123వ సెక్షన్ పూర్తిగా నిషేధించింది. పొలం దారే కదా, పిల్లలు సరదా పడుతున్నారు కదా అని క్యారియర్ మీద కూర్చోబెట్టకండి.

తీసేయడం వల్ల డబ్బు కూడా మిగులుతుంది. పైకప్పు మీద పెద్ద పెట్టె ఉంటే మైలేజి పట్టణంలో 2 నుంచి 8 శాతం, హైవే మీద 6 నుంచి 17 శాతం తగ్గుతుందని అమెరికా ఇంధన శాఖ లెక్క చెబుతోంది. గంటకు 105, 120 కిలోమీటర్ల మధ్య వేగంలో వెళితే నష్టం 10 నుంచి 25 శాతం. మన లెక్కలో చూద్దాం. లీటరుకు 20 కిలోమీటర్లు ఇచ్చే కారు, రానూపోనూ 600 కిలోమీటర్ల ప్రయాణం. మామూలుగా 30 లీటర్లు. మైలేజి పది శాతం తగ్గి 18 అయితే 33 లీటర్ల పైచిలుకు పడుతుంది. ఖాళీ క్యారియర్ వల్ల నష్టం ఇంత ఉండదు కానీ, ఏడాది పొడవునా రోజూ అంతో ఇంతో పోతూనే ఉంటుంది.

చివరగా, అసలు క్యారియర్ అవసరమా అన్న ప్రశ్న. ఏడాదికి రెండుసార్లు పండుగ సామాను కోసమే అయితే, ఆ సామానును ఆర్టీసీ పార్సెల్ సర్వీసులో ముందురోజు పంపేసి, కారులో హాయిగా వెళ్లే మార్గం ఉంది. ఆడపిల్లకు సారె పెట్టి పంపేటప్పుడు ఇత్తడి బిందెలు, పెద్ద గంగాళం కారు మీద కట్టాలని పట్టుపట్టే బదులు, నాలుగు రోజులాగి లగేజీ ఆటోలో పంపవచ్చు. అల్లుడుగారు మొహమాటానికి సరేనన్నా, అత్తగారే వద్దు బాబూ అనాలి. పుట్టింటి నుంచి కూతురు తీసుకెళ్లేది ఎంత ఘనంగా ఉందన్నది కాదు, పిల్లాపాపలతో క్షేమంగా ఇల్లు చేరామని ఫోను వచ్చిందా లేదా అన్నదే ముఖ్యం.

ముఖ్యమైన విషయాలు మరొక్కసారి గుర్తు చేస్తాను. కారు పుస్తకంలో రాసిన బరువును మించకండి, అందులో క్యారియర్ బరువు కూడా కలిపి లెక్కించండి. రంధ్రాలు చేసి బిగించే క్యారియర్ వద్దు. బరువు డిక్కీలో, తేలిక సామాను పైన. పట్టీలు బార్లకే కట్టండి, పది కిలోమీటర్లు వెళ్లి మళ్లీ చూసుకోండి. వేగం 80 దాటనివ్వకండి. పని అయిపోగానే క్యారియర్ విప్పి ఇంట్లో పెట్టుకోండి.